విరగాలి, రాలకూడదు: ఓట్స్ బార్ వెనుక విజ్ఞానం

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అటు శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారిపై తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీ బయోటెక్ సంస్థలకు ఉద్యోగులు పొద్దున్నే బయల్దేరతారు. రెండు దారుల్లోనూ కూర్చుని టిఫిన్ తినే తీరిక లేనివాళ్లే ఎక్కువ. చాలామంది చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది. ఈమధ్య కొందరి చేతుల్లో ఓట్స్ బార్ కూడా కనిపిస్తోంది.

మా ఇంట్లోనూ ఇద్దరిది ఇదే పరుగు. అందుకే ఓట్స్ బార్లు ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాను. వంటల పుస్తకంలో వెన్న, బ్రౌన్ షుగర్, గోల్డెన్ సిరప్ అని ఉంది. నేను నెయ్యి వేశాను, బెల్లం తురిమి కలిపాను, సిరప్ వదిలేశాను. ట్రే బయటికి తీసి వేడి మీదే కత్తి పెట్టాను. ఒక్క ముక్క కూడా నిలవలేదు, అంతా పొడిపొడిగా రాలిపోయింది. మా అత్తమ్మ ఆ పొడిని గిన్నెలోకి ఎత్తి, పాలు పోసి పిల్లలకు పెట్టి ఒక మాట అన్నది. "పాకం సరిగ్గ పట్టు బిడ్డా, మిగిలిందంత అదే నిలబడతది."

ఓట్స్ బార్ విజ్ఞానంలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతా సగం ఏమిటంటే, ఏ పదార్థాన్నైనా మార్చుకోవచ్చు, కానీ మార్చేముందు అది అక్కడ ఏం పని చేస్తోందో తెలుసుకోవాలి. పుస్తకంలోని సిరప్‌ను నేను ఉత్త తీపి అనుకున్నాను. నిజానికి బార్ మొత్తాన్ని పట్టి ఉంచేది అదే.

కొత్త పేరు, పాత బంధువులు

కాల్చిన ధాన్యాన్ని పొద్దుటి ఆహారంగా అమ్మడం 1863లో అమెరికాలో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరోగ్యాశ్రమం నడిపిన జేమ్స్ కేలబ్ జాక్సన్ దాన్ని గ్రాన్యులా అన్నాడు. బ్రిటన్‌లో ఓట్స్, వెన్న, గోల్డెన్ సిరప్ కలిపి కాల్చే పలకల్ని ఫ్లాప్‌జాక్ అంటారు. నేడు మనం చూసే ఓట్స్ బార్ ఈ కుటుంబానిదే.

మనకు ఓట్స్ కొత్త కావచ్చు, ధాన్యాన్ని బెల్లంతో ముద్దకట్టే విద్య మాత్రం పాతదే. బతుకమ్మ పండక్కి చేసే మలీద తీసుకోండి. సజ్జరొట్టెనో జొన్నరొట్టెనో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేస్తాం. తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి బెల్లం, యాలకులు కలిపి పేలపిండి చేస్తాం. పల్లిపట్టి, నువ్వుల ఉండలు సరేసరి. హైదరాబాద్‌లో 2018లో మొదలైన ట్రూ గుడ్ సంస్థ చిరుధాన్యాల చిక్కీలు తయారుచేసి అమ్ముతోంది. ధాన్యం, కొవ్వు, తీపి, వాటిని పట్టి ఉంచే జిగురు. మలీదలో ఉన్నదీ ఇదే, ఓట్స్ బార్‌లో ఉన్నదీ ఇదే.

కంకర, ఇసుక, సిమెంటు

మేడ్చల్ చుట్టుపక్కల ఏ వీధికి పోయినా ఎక్కడో ఒకచోట స్లాబు పోస్తూ కనిపిస్తారు. బార్ నిర్మాణం అర్థం కావాలంటే ఆ మేస్త్రీ పని చూస్తే చాలు. ఒట్టి కంకర మీద సిమెంటు పాలు పోస్తే స్లాబు నిలవదు. కంకర మధ్య ఖాళీల్ని ఇసుక నింపాలి, ఇసుక మధ్య సందుల్ని సిమెంటు నింపాలి. అప్పుడే తక్కువ సిమెంటుతో గట్టి స్లాబు వస్తుంది.

బార్‌లో పెద్ద రేకుల ఓట్స్, దంచిన పల్లీలు కంకర. పావు వంతు ఓట్స్ మిక్సీలో వేసి చేసుకున్న రవ్వ, నువ్వులు, అవిసెల పొడి ఇసుక. పాకం సిమెంటు. అన్నీ పెద్ద రేకులే అయితే మధ్యలో గాలి ఖాళీలు మిగిలి పాకం చాలదు, బార్ రాలుతుంది. అంతా పిండే అయితే పాకాన్ని మొత్తం అదే పీల్చుకుని, కాలాక ఇటుకలా బిగుసుకుంటుంది.

స్లాబును దిమ్మిస చేసినట్టే ట్రేలో మిశ్రమాన్ని అదమాలి. స్టీలు గ్లాసు అడుగున నెయ్యి రాసి, మూలల నుంచి మధ్యకు గట్టిగా నొక్కాలి. రేకులు ఒకదానికొకటి తగిలేకొద్దీ వాటి మధ్య సన్నటి పాకం వంతెనలు ఏర్పడతాయి. బార్ బలమంతా ఆ వంతెనల లెక్కే.

పాకం ఏం చెబుతుంది

మా అత్తమ్మకు థర్మామీటర్ అక్కర్లేదు. మందపాటి గిన్నెలో బెల్లం మరుగుతుంటే పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుంటుంది. ఒక చుక్క వేస్తుంది. అది నీళ్లలో చెదిరిపోతే, "ఇంకా రాలే, ఉండనీయ్" అంటుంది. రెండోసారి చుక్క అడుగున కూర్చుంటుంది, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. మూడోసారి ఉండ గట్టిగా ఉండి, పళ్లేనికి కొడితే టక్కుమంటుంది. ఈ మూడు చుక్కల మధ్య గడిచేది రెండు మూడు నిమిషాలే.

ఆ పళ్లెంలో ఆమె కొలుస్తున్నది పాకంలో మిగిలిన నీటిని. పాకం మరిగేకొద్దీ నీరు ఆవిరై చక్కెర శాతం పెరుగుతుంది, దానితోపాటే మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. మెత్తటి ఉండపాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. అప్పుడు పాకంలో చక్కెర దాదాపు 85 శాతం. గట్టి ఉండపాకం 120 డిగ్రీలు దాటాక వస్తుంది. పల్లిపట్టి పటుక్కున విరగాలంటే 146 డిగ్రీలు దాటాలి, అప్పటికి నీరు ఒక శాతం దగ్గరికి పడిపోతుంది. అంత తక్కువ నీటితో చల్లారిన పాకం గాజులాంటి స్థితికి చేరుతుంది. గాజు పగిలినట్టే అదీ పగులుతుంది. ఇంకాస్త నీరు మిగిలి ఉంటే పాకం సాగుతుంది, బార్ నమలడానికి మెత్తగా ఉంటుంది.

వేడి మీద కత్తి పెడితే నా బార్లు ఎందుకు రాలాయో ఇక్కడ తెలుస్తుంది. వేడిగా ఉన్న పాకం ఇంకా ద్రవమే. వంతెనలు గట్టిపడకముందే నేను వాటిని తెంపేశాను. ట్రే గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి గాట్లు పెట్టాలి. పూర్తిగా చల్లారాక విడదీయాలి.

థర్మామీటర్ వాడేవాళ్లు ఇక్కడ ఒక స్థానిక సంగతి గుర్తుంచుకోవాలి. వంట పుస్తకాల్లోని డిగ్రీలు సముద్రమట్టానికి రాసినవి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీటి మరుగుస్థానం దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. హైదరాబాద్ ప్రాంతం సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మన దగ్గర నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పుస్తకం 118 అంటే మేడ్చల్‌లో 116 దగ్గర స్టవ్ ఆపాలి. లేకపోతే పాకం ముదురుతుంది. ముందు నీళ్లు మరిగించి థర్మామీటర్ ఎంత చూపుతోందో రాసుకుని, పాకం లెక్కను దాని నుంచి కట్టుకుంటే పరికరంలో తేడా ఉన్నా సరిపోతుంది.

బెల్లం ఎంపిక కూడా ముఖ్యమే. బెల్లంలో సుక్రోజు అనే చక్కెరతోపాటు అది విడిపోగా వచ్చిన గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. ఇవి పాకం పలుకు కట్టకుండా ఆపుతాయి. పుస్తకంలోని గోల్డెన్ సిరప్ చేసే పని ఇదే. పంచదార వాడితే నాలుగు చుక్కల నిమ్మరసం వేయమనేదీ ఇందుకే, ఆ పులుపు సుక్రోజులో కొంత భాగాన్ని విడగొడుతుంది. అయితే ఇవి మోతాదు మించితే పాకం గట్టిపడదు, చెమ్మను లాక్కుంటుంది. పాతబడి నల్లగా, జిగటగా మారిన బెల్లంతో పాకం నిలవదని మన పెద్దలు చెప్పేది అందుకే. అనకాపల్లిదైనా కామారెడ్డిదైనా గట్టిగా, పొడిగా ఉన్న అచ్చు చూసి తీసుకోండి. కరిగించాక వడకట్టడం మరవకండి.

ఓవెన్‌లో జరిగేది

ఓవెన్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. మొదటిది నీటిని ఆవిరి చేయడం. పొయ్యి మీద పాకం లేతగా దించితే మిగతా నీటిని ఓవెన్ తీస్తుంది. అందుకే కాల్చే బార్‌కు మెత్తటి ఉండపాకం చాలు. ఓవెన్ లేని ఇంట్లో పాకాన్ని పొయ్యి మీదే గట్టి ఉండ దాకా పట్టి, వేయించిన ఓట్స్ కలిపి, అదిమి చల్లార్చితే సరిపోతుంది. నీటిని ఎక్కడ తీసినా ఫలితం ఒకటే.

రెండోది రంగు, వాసన. ధాన్యంలోని అమైనో ఆమ్లాలు గ్లూకోజు వంటి చక్కెరలతో వేడిలో కలిసి వందలకొద్దీ సువాసన పదార్థాలుగా మారతాయి. దీన్ని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ వివరించాడు. రొట్టె మీది గోధుమరంగు మచ్చ, వేయించిన పల్లీ వాసన, కాఫీ గింజ పరిమళం, అన్నీ మయార్ చర్య చలవే. సుక్రోజు విడిపోకుండా ఈ చర్యలో నేరుగా పాల్గొనదు. బెల్లంలో ముందే విడిపోయిన చక్కెరలు ఉన్నాయి కాబట్టి పంచదార కన్నా త్వరగా రంగెక్కుతుంది. పుస్తకంలో 170 డిగ్రీలని ఉంటే బెల్లం బార్‌కు 155 నుంచి 160 చాలు. లేకపోతే అంచులు మాడి చేదెక్కుతాయి. చిన్న ఓటీజీ ఓవెన్లలో కాయిల్ దగ్గరగా ఉంటుంది, అందుకే ట్రేను మధ్య అరలో పెట్టి సగం సమయానికి తిప్పాలి.

కిస్‌మిస్‌లను ముందు పది నిమిషాలు నానబెట్టి తుడవాలి, పొడిగా వేస్తే పైకి తేలినవి నల్లగా మాడతాయి. ఒకప్పుడు శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలు విరివిగా ఉండేవి, హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పెద్ద పేరు. నగరం విస్తరించి ఆ నేలలో చాలాభాగం ప్లాట్లయింది. ఇప్పుడు మన దుకాణాల్లోని కిస్‌మిస్ ఎక్కువగా మహారాష్ట్ర నుంచి వస్తోంది.

ఓట్స్ బదులు జొన్న

రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న అటుకులు, జొన్న రవ్వ వంటివాటి తయారీ పద్ధతుల్ని రూపొందించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు మేడ్చల్ కిరాణా దుకాణంలో కూడా జొన్న అటుకులు దొరుకుతున్నాయి. ఓట్స్ తీసేసి అంతే కొలత జొన్న అటుకులు వేస్తే సరిపోదా? నేను చేసి చూశాను. బార్ గరుకుగా, సులువుగా విరిగేలా వచ్చింది.

కారణం బీటా గ్లూకాన్. ఓట్స్‌లో దాదాపు 4 శాతం ఉండే ఈ కరిగే పీచు తడి తగలగానే జిగురవుతుంది. రాత్రి నానబెట్టిన ఓట్స్ పొద్దునకు జారుడుగా మారేది దానివల్లే. అంటే ఓట్స్ బార్‌లో పాకానికి తోడు ఓట్స్ కూడా కొంత జిగురు ఇస్తుంది. జొన్నలో ఈ పీచు చాలా తక్కువ. పైగా జొన్నలోని పిండిపదార్థం ఉబ్బడానికి ఓట్స్ కన్నా ఎక్కువ వేడి కావాలి.

మరి ఆ పని ఇంకెవరికి అప్పజెప్పాలి? మన ఇళ్లలో పొడి కొట్టుకునే అవిసె గింజలకు. అవిసె గింజ పైపొరలో నీటిని పట్టుకుని బంకగా మారే పీచు ఉంది. రెండు చెంచాల అవిసెల పొడిని నాలుగు చెంచాల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచితే గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. జొన్న బార్‌లో దీన్ని కలిపి, కాల్చే సమయం ఐదు నిమిషాలు పెంచితే బార్ నిలబడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఓట్స్ సగం, జొన్న అటుకులు సగం వేసుకోవడం మేలు.

సజ్జలతో చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. సజ్జల్లో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమూ చురుకైనదే. గింజగా ఉన్నంతకాలం అవి విడివిడిగా ఉంటాయి. పిండి పట్టించగానే కలుస్తాయి, కొద్ది రోజుల్లోనే పిండి చేదవుతుంది. ఓట్స్‌కూ ఇదే సమస్య ఉంది. అందుకే మిల్లులో ఓట్స్‌ను ఆవిరి పట్టి ఆ ఎంజైమును చంపి, తర్వాతే రేకులుగా నొక్కుతారు. మనం ఇంట్లో చేయగలిగింది సజ్జల్ని బాగా వేయించి, చల్లార్చి, అవసరమైనంతే పట్టించుకోవడం.

తీపి తగ్గించాలంటే

తీపి తగ్గించాలని బెల్లం సగానికి కోస్తే సిమెంటు సగమైనట్టే. ఆ ఖాళీని ఖర్జూరం ముద్ద కొంత పూడ్చగలదు, బాగా మగ్గిన అరటిపండు ఇంకొంత. కానీ ఇవి నీటిని వెంట తెస్తాయి. ఆహారంలో సూక్ష్మజీవులకు అందే నీటిని వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతారు. అది 0.6 కన్నా తక్కువైతే దాదాపు ఏ సూక్ష్మజీవీ పెరగదు. బాగా కాల్చిన బెల్లం బార్ ఆ గీతకు కింద ఉంటుంది, డబ్బాలో రెండు వారాలు నిలుస్తుంది. అరటిపండు బార్ గీతకు పైన ఉంటుంది, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

వానాకాలం ముసురులో బార్ మెత్తబడితే అది పాకం తప్పు కాదు. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలి చొరని స్టీలు డబ్బా వాడండి. అప్పటికీ మెత్తబడితే 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి పూర్తిగా చల్లార్చండి. మే నెల ఎండకు నెయ్యి కరిగి కాగితానికి అంటుతుంది, ఆ రోజుల్లో నెయ్యి ఒక చెంచా తగ్గించి నువ్వులు పెంచండి.

కొలతలు

పన్నెండు బార్లకు: రేకుల ఓట్స్ 200 గ్రాములు (అందులో 50 గ్రాములు రవ్వగా), బెల్లం 120, నెయ్యి 50, వేయించి దంచిన పల్లీలు 60, నువ్వులు 25, అవిసెల పొడి 15, కిస్‌మిస్ 40 గ్రాములు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి.

ఓట్స్‌ను 160 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేయించండి. బెల్లంలో మూడు చెంచాల నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, నెయ్యి కలిపి మెత్తటి ఉండపాకం పట్టండి. స్టవ్ ఆపి అన్నీ కలపండి. బటర్ పేపర్ పరిచిన 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలో గట్టిగా అదమండి. 155 నుంచి 160 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు గాట్లు పెట్టి, చల్లారాక విడదీయండి.

పల్లీలు పడనివాళ్లు గుమ్మడి గింజలు వేసుకోవచ్చు. గ్లూటెన్ పడనివాళ్లు గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసి ఉన్న ఓట్స్ మాత్రమే కొనాలి, మామూలు ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఉంటుంది. బెల్లం బదులు తేనె వాడితే ఏడాది నిండని పిల్లలకు పెట్టకూడదు.

ఒక బార్‌లో ఎంత ఉంది

ఈ లెక్కన ఒక్కో బార్‌లో దాదాపు 190 నుంచి 200 కేలరీలు, 4 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల బెల్లం ఉంటాయి. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందన్న మాట నిజమే. అది పేగులో చిక్కటి జెల్‌గా మారి పైత్యరస ఆమ్లాల్ని పట్టుకుని బయటికి పంపుతుంది. వాటిని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. కానీ ఆ ప్రయోజనానికి అమెరికా ఆహార ఔషధ సంస్థ 1997లో పెట్టిన కొలత రోజుకు 3 గ్రాములు. మన బార్ ఒక్కోదానిలో ఉన్నది 0.7 గ్రాములోపే. 3 గ్రాముల కోసం నాలుగైదు బార్లు తింటే దాదాపు 900 కేలరీలు, 45 గ్రాముల బెల్లం కూడా లోపలికి పోతాయి. గుండె కోసం ఓట్స్ తినాలనుకునేవాళ్లకు జావే మంచి దారి. మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం సహజమైనదని మోసపోవద్దు. రక్తంలో గ్లూకోజును అది పంచదారలాగే పెంచుతుంది.

అయినా ఈ బార్‌కు పొద్దుటి హడావిడిలో దాని చోటు దానికుంది. రైలెక్కేవాళ్ల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ బదులు ఒక బార్, ఒక అరటిపండు, మంచినీళ్ల సీసా ఉంటే మధ్యాహ్నం దాకా కడుపుకు ఆసరా ఉంటుంది. అందులో ఏముందో మనకు గ్రాములతో సహా తెలుసు, అవసరాన్ని బట్టి మార్చుకోనూ గలం. ఈ ఆదివారం ఒక ట్రే చేసి చూడండి. ఇంట్లో పాకం పట్టడం తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్లను పొయ్యి దగ్గరికి పిలవండి, రెండో చుక్క దాకా పక్కనే నిలబడి నేర్చుకోండి.